ఎర్రకాళ్ల అల్లుడు

దసరా వెళ్లిన వారానికి ఒక ఎర్రకాళ్ల కొంగ అలిగి, చెట్టు దిగి, తామరగెడ్డ పక్షుల గెస్ట్‌హౌసులో రెండో నంబరు గదిలోకి నడిచి వచ్చి, మంచమెక్కి, గోడవైపు తిరిగి ఒంటికాలి మీద నిలబడింది. గెస్ట్‌హౌసు చూసుకునే సన్యాసమ్మకి ఇది ఇబ్బందే గానీ వింత కాదు. అల్లుడన్నాక ఎప్పుడో ఒకప్పుడు అలుగుతాడు. ఇతగాడు ఇన్నేళ్లు ఆగడమే గొప్ప.

ఆ ఊరి చింతచెట్ల మీదికి ఏటా కొంగలొస్తాయి, గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకుని వెళ్తాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలని ఊరివాళ్ల నమ్మకం. వాటిని చూడడానికి పట్నాల నుంచి జనం మెడలో బైనాక్యులర్లు వేసుకుని సెలవులకి దిగుతారు. వాళ్ల కోసమే ఈ నాలుగు గదులూ. పర్యాటక ఆఫీసువాళ్లు కూడా ఊరివాళ్ల మాట మన్నించి, కొంగలు ఇంటి ఆడపిల్లలేనని ఉత్తర్వు ఇచ్చి, గూటికింతని పసుపూ కుంకుమా మంజూరు చేశారు. ఆడకొంగలు ఆడపిల్లలైతే మగకొంగలు అల్లుళ్లవుతాయన్న సంగతి అప్పుడు ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. ముందు కొంగకే తట్టింది.

కొంగల్లో గుడ్ల మీద ఆలూమగలు వంతులవారీగా కూర్చుంటారు. అత్తవారింట్లో అల్లుడు పని చేయడమేమిటని మగడు దిగి వచ్చేయడంతో పైన నీలమ్మ ఒక్కతే అయిపోయింది. నీలమ్మ అన్న పేరు సన్యాసమ్మ పెట్టిందే. ఏటా అదే కొమ్మ మీద వాలే ఆ కొంగంటే ఆవిడకి ప్రాణం. నీళ్లలో తను పట్టుకున్న చేపైతే తప్ప నీలమ్మ ముట్టదు. మగడికి ఆ పట్టింపు లేదు, వండి పెట్టినా తింటాడు.

"గుడ్ల మీంచి లెగిస్తే కాకులు ఎత్తుకుపోతాయి. లెగకపోతే ఆ పిల్ల తిండిలేక సచ్చిపోద్ది. ఏటి సేస్తారో సెయ్యండి బాబూ," అంది సన్యాసమ్మ సర్పంచి గవరయ్యతో.

"మర్యాద సేద్దాం. మర్యాదకి దిగని అల్లుడుంటాడేటి?" అన్నాడు గవరయ్య.

మర్యాదలు మొదలయ్యాయి. పళ్లెంలో కాళ్లు కడిగారు. కాళ్లు పుట్టుకతోనే ఎర్రన కాబట్టి పారాణి ఖర్చు కలిసొచ్చింది. గడ్డం పట్టుకుని బతిమాలదామంటే గడ్డం లేక ముక్కు పట్టుకున్నారు. కొత్త కండువా కప్పారు. టేబుల్ ఫ్యాను తెచ్చారు. ఉంగరం వేలికి పట్టక కాలికి తొడిగితే, అతిథులు అది పరిశోధకులు వేసిన గుర్తనుకుని ఎగబడి ఫొటోలు తీసుకున్నారు. అల్లుడు అన్నీ పుచ్చుకున్నాడు, ముఖం మాత్రం తిప్పలేదు. ఏం కావాలో చెప్పడు. చెబితే అది అలకెందుకవుతుంది, దరఖాస్తు అవుతుంది.

చివరికి సన్యాసమ్మ మొగుడు సింహాచలాన్ని రాయబారం పంపారు. పెళ్లిలో వాచీ కోసం అలిగి, కాబోయే అత్తవారిని ముప్పుతిప్పలు పెట్టిన అనుభవం ఆయనకి ఉంది.

"సల్లగా మాటాడు మావా. పిల్ల ఎండిపోతంది," అని సన్యాసమ్మ చేతులు పట్టుకుని చెప్పింది.

సింహాచలం లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఒక పూట గడిచింది. కాఫీ పట్టుకెళ్లిన సన్యాసమ్మకి ఇద్దరూ గోడవైపు తిరిగి కనిపించారు. ఆ గదిలో అంత మర్యాద జరుగుతుంటే సింహాచలానికి తన వాచీ గుర్తొచ్చింది. అప్పట్లో వాచీ అడిగితే రేడియో ఇచ్చి సరిపెట్టారు. ఆ బాధ ఇన్నేళ్లుగా లోపల ఉండిపోయిందని అప్పుడే తెలిసొచ్చింది. ఒకే మంచం మీద ఇద్దరు అలగడం ఇరుకని, ఆయన సాయంత్రానికి మూడో నంబరు గదిలోకి మారాడు.

రెండు గదులు అలకల కింద పోయేసరికి, డబ్బు కట్టి వచ్చిన అతిథులు వరండాలో పెట్టెల మీద కూర్చున్నారు. జిల్లా నుంచి పర్యాటక అధికారి ప్రభంజనరావు జీపులో వచ్చాడు. చురుకైన మనిషి. చెట్టు కేసి చూశాడు, అతిథుల కేసి చూశాడు.

"చెట్టు మీద మనిషి తక్కువ. ఇక్కడ గది తక్కువ. గుడ్ల మీద మీరే వంతులేసుకుని కూర్చోండి. పక్షుల్ని ఇంత దగ్గరగా చూసే భాగ్యం ఎక్కడుంది చెప్పండి?" అన్నాడు.

అతిథులు ఉబ్బితబ్బిబ్బయ్యారు. నిచ్చెన వేశారు, మొదటి వంతు నాదంటే నాదని తోసుకున్నారు. గాజువాక బ్యాంకు మేనేజరు పద్మనాభం గారికి దక్కింది. కుర్చీలో కదలకుండా కూర్చునే అలవాటు అక్కడ బాగా అక్కరకొచ్చింది. మూడు గుడ్లనీ లుంగీలో పొదువుకుని, కాకి వస్తే బైనాక్యులర్ల తాడుతో అదిలిస్తూ, ఆయన కన్నతల్లిలా కూర్చున్నాడు.

"మా ఇద్దరు పిల్లల్నీ ఈయన ఎప్పుడూ ఒళ్లోకి తీసుకున్నవారు కారండీ," అంది ఆయన భార్య కింద నుంచి వీడియో తీస్తూ, మహా ముచ్చటగా.

నీలమ్మ గూడు వదిలి ఎగిరింది. చిక్కిన రెక్కలు రెండుసార్లు తడబడ్డాయి గానీ గెడ్డ దాకా పోయి నీళ్లలో దిగింది. సన్యాసమ్మ గట్టు మీద నిలబడి చూస్తూ ఏడ్చింది. ఇన్నాళ్లకి పిల్ల కడుపునిండా తింటుందని సంతోషం. నీలమ్మ నీళ్లలో ముక్కు ముంచి, తెరిచి, కలియదిప్పి, మంచి కొర్రమీనుని పట్టింది. కంటనీరు తుడుచుకుని సన్యాసమ్మ వంటింట్లోకి వెళ్లింది. తనూ పొద్దుటినుంచి ఏమీ తినలేదు.

కొంతసేపటికి వేడి అన్నం, ఎండుచేపల పులుసు వడ్డించిన కంచంతో సన్యాసమ్మ వరండాలోకి వచ్చింది. అటునుంచి నీలమ్మ మెట్లెక్కి వస్తోంది. కొర్రమీను ఇంకా ముక్కునే ఉంది, ఒక్క పొలుసు కూడా ఊడలేదు.

వరండా ఇరుకు. సన్యాసమ్మ ఓ పక్కకి ఒదిగింది, నీలమ్మ రెక్కలు ముడుచుకుంది. ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. నీలమ్మ రెండో నంబరు గది ముందు ఆగింది, సన్యాసమ్మ మూడో నంబరు గది ముందు ఆగింది. లోపలివాళ్లు ఏ మూడ్‌లో ఉన్నారోనని కాస్త తటపటాయించి, ఇద్దరూ నెమ్మదిగా తలుపు తట్టారు.