చిరగనంటే చిరగనన్న సంచి

పక్కింటి జీన్ ఆంటీ ఆ వీధిలోనే ఉండే తెలుగావిడ సుగుణకు చెప్పిందట. సుగుణ వెంటనే అలివేలుమంగకు ఫోన్ చేసింది.

"వదినా, కంగారుపడకు. అన్నయ్యగారు మీ గరాజ్‌లో ఎవర్నో వేలాడదీసి క్రికెట్ బ్యాటుతో చావబాదుతున్నారట. అవతలివాడు కిక్కురుమనడం లేదట. పోలీసుల్ని పిలవనా అని జీన్ అడుగుతోంది."

అలివేలుమంగ పెనం మీద దోసెను అలాగే వదిలేసి, ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో అట్లకాడ పట్టుకుని పరుగెత్తింది. బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కి "అలివేలూ!" అని అరిచే మనిషి, మనిషిని కొట్టడమా?

గరాజ్ తలుపు తీసేసరికి నిజంగానే దూలానికి మనిషంత మూట వేలాడుతోంది. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో పేరున్న చర్మవైద్యుడు సూర్యప్రకాశరావు బనీనుతో, చెమటలు కక్కుతూ, బ్యాటెత్తి నిలబడ్డాడు.

"ఎవుర్నండీ అది?"

"ఎవర్నీ కాదే, సంచి!"

"సంచేం పాపం చేసింది?"

"చిరగడం లేదు!"

ఫోన్లోంచి సుగుణ, "పిలవమంటావా, వద్దా?" అంది.

"వద్దు సుగుణా. చచ్చింది సంచి. కాదు, అది గూడా చావలేదంట," అని అలివేలుమంగ ఫోన్ పెట్టేసింది.

అసలు సంగతి హాస్పిటల్ క్యాంటీన్‌లో మొదలైంది. ఎముకల డాక్టర్ ఫియోనా ఏటా స్కాట్లాండ్ కొండల్లో దుప్పుల వేటకు వెళుతుంది. ఆవిడ ఆ కబుర్లు చెబుతుంటే ఊరుకోలేక, మా తాత నల్లమలలో చిరుతల్ని వేటాడాడు, నాలో ఉన్నదీ ఆ రక్తమేనని సూర్యప్రకాశరావు కోతలు కోశాడు. ఆవిడ పొంగిపోయి, అయితే ఈ శనివారం నాతో రమ్మని, వాళ్ల నాన్న వాడిన వేట సంచిని అతని భుజాన తగిలించింది. అక్కడ దారులుండవు, కార్లు రావు. కొట్టిన దుప్పిని ముక్కలు చేసి ఎవరి సంచిలో వాళ్లు మోసుకుని దిగాలి. సంచి లేనివాడు కొండెక్కి దండగ.

ఆ చివరి మాట అతనికి వరంలా వినిపించింది. కత్తి పెడితే దొరికిపోతాడు. సంచి తనంతట తనే బరువుకు చిరగాలి. ఇంట్లో ఉన్న సోనామసూరి బస్తాను అందులో దూర్చాడు. చిరగలేదు. గ్రైండర్ రాళ్లు వేశాడు. చిరగలేదు. తనే పట్టీ పట్టుకుని ఉయ్యాలూగాడు. ఒక్క కుట్టు కదిలితే ఒట్టు. అప్పుడు బయటికి తీశాడు బ్యాటు.

"మీ తాత ఫారెస్టాఫీసులో గుమాస్తా కదండీ? చిరతపులిని ఆయన సర్కస్‌లో గూడా చూసుండడు."

"మెల్లగా! ఫియోనాకు తెలిస్తే హాస్పిటల్లో నా పరువేం కాను?"

"గరాజ్‌లో సంచిని చంపతా ఉంటే పెరగతా ఉందా పరువు?"

ఆ మాట ఎక్కడో తగిలింది. బ్యాటెత్తి ఒక్కటిచ్చాడు. సంచి చిరగలేదు, దూలానికున్న కొక్కెం ఊడింది. మూట దభేలుమని పడి, పోతూ పోతూ అతని కాలి బొటనవేలిని పలకరించింది.

"అమ్మో!" అన్నాడు. మరుక్షణం మొహం వెలిగిపోయింది. "విరిగింది అలివేలూ! నా వేలు విరిగింది! దేవుడున్నాడే!"

దేవుడు ఉన్నాడో లేడో గానీ, ఫియోనా వచ్చింది. అతనికి వేట బూట్లు ఇచ్చిపోదామని వచ్చి, కేక విని లోపలికి ఉరికింది. అసలే ఎముకల డాక్టరు. మోకాళ్ల మీద కూర్చుని వేలు నొక్కి చూసింది.

"నథింగ్ బ్రోకెన్, సూర్యా! శనివారానికి పరుగెడతావు." తర్వాత సంచిని ముద్దుగా తట్టింది. "మా నాన్న దీన్ని బండల మీద ఈడ్చుకొచ్చేవాడు. దీనికేం కాదు."

సూర్యప్రకాశరావు పెళ్లాం వైపు దీనంగా చూశాడు. గుమాస్తా సంగతి ఆమె నోట్లో ఉంది.

అలివేలుమంగ వంగి, బియ్యం, రాళ్లతో సహా ఆ మూటను ఒక్క ఊపున వీపుకెత్తుకుని నిలబడింది. ఫియోనా నోరు తెరిచింది. మొగుడి నోరు అప్పటికే తెరిచి ఉంది.

"ఎక్కడ నేర్చుకున్నావు?" అంది ఫియోనా.

"తిరుమల మెట్లు. చంకలో తమ్ముడు, నెత్తిన చిత్రాన్నం మూట," అని అలివేలుమంగ తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. "చిరతల్ని కొట్టిన వంశం, ఈయనకు దుప్పులు ఆనవు. నేనొస్తా. తుపాకీ ముట్టను, కొండ మాత్రం ఎక్కతా."

ఫియోనా ఆమెను వాటేసుకుంది. పరువు దక్కింది, కొండ తప్పింది. సూర్యప్రకాశరావు ఊపిరి పీల్చుకోబోయాడు.

అలివేలుమంగ సంచి దించి బోర్లించింది. లోపల బస్తా ఎప్పుడో చిరిగిపోయింది. ఇంట్లో ఉన్న బియ్యమంతా గరాజ్ నేల మీద, ఇసుకలో, మేకుల మధ్య, గ్రైండర్ రాళ్ల చుట్టూ కుప్పపడింది.

"మరి నువ్వు వచ్చేదాకా నా తిండి?" అన్నాడతను.

"రాళ్లేరుకుని వండుకోండి."