వేడెక్కరాదని ఉత్తర్వు

"మా బడి రోబోకు వేడి అనే బలహీనత ఉండదు!"

నల్లగొండలోని మా విశ్వవేగ హైస్కూలు కరస్పాండెంట్ రఘుపతి గారు ప్రార్థన వేళ ఇలా ప్రకటించగానే ఉపాధ్యాయులమంతా చప్పట్లు కొట్టాం. నేను ఫిజిక్స్ చెబుతాను కాబట్టి ఇంకాస్త గట్టిగా కొట్టాను.

జిల్లా రోబో పోటీ దగ్గరపడింది. చుట్టూ చెక్క గోడ ఉన్న బరిలో రెండు రోబోలు ఒకదాన్నొకటి నెట్టుకోవాలి. ఆఖరికి ఏది ఇంకా కదలగలిగితే అదే గెలిచినట్టు. మా జట్టు నాయకురాలు పదో తరగతి అనూహ్య. ఈ బహుమతి కోసం ఆ పిల్ల దసరా సెలవులు కూడా వదులుకుంది.

"సార్, ఎదుటి రోబోను నెట్టేటప్పుడు చక్రాలు తిరగయి. మోటర్లు మాత్రం కరెంటు గుంజుతనే ఉంటయి. అదంత వేడైతది" అంది అనూహ్య. "గేరు మారుస్తం. జర మెల్లగ పోతది గని మోటర్లు కాలవు."

"మెల్లగనా?" రఘుపతి గారు అదిరిపడ్డారు. "మన బడి పేరేందమ్మా?"

"విశ్వవేగ సార్."

"మరి?"

శాస్త్రీయ చర్చ అంతటితో ముగిసింది. వెంటనే ఉష్ణ నివారణ ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షుణ్ణి నేనే! 'అనుమతి లేకుండా ఏ మోటారూ వేడెక్కరాదు' అని మా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. రఘుపతి గారు సంతోషించి, రోబో చుట్టూ బడి పేరు వెలిగేలా రంగు బల్బులు పెట్టించారు.

"సార్, బ్యాటరీ అంత గవే తాగుతయి!" అంది అనూహ్య.

"తాగనియ్. పేరు కనపడాలె."

పోటీ రోజు రఘుపతి గారు రోబోకు శాలువా కప్పి సన్మానించారు. బరిలోకి దింపే ముందు అనూహ్య శాలువా తీసేసింది, బల్బుల తీగ పీకేసింది. గేరు ఎప్పుడో మార్చేసిందని నాకప్పుడే తెలిసింది.

"బడి పేరు ఆరిపోయింది!" అని కేక పెట్టారు రఘుపతి గారు.

రెండు రోబోలూ ఢీకొని బిగుసుకున్నాయి. కాసేపటికి కాలిన వాసన మొదలైంది. అనూహ్య రిమోటుతో మా రోబోను పక్కకు తప్పించి, ఓ మూలకు తీసుకెళ్లి నిలబెట్టింది.

"నెట్టు! ఎందుకు ఆపినవ్?" అని అరిచారు రఘుపతి గారు.

"చల్లబడనియ్యిండ్రి సార్!"

అవతలి రోబో ఆ ఊపులో పోయి గోడకు తగులుకుంది. వాళ్ల కరస్పాండెంటు కూడా "నెట్టు!" అనే అరుస్తున్నాడు. పాపం, అది గోడను నెట్టింది. గోడ కదల్లేదు. పొగ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. మా రోబో మూలలోంచి బయటికొచ్చి, బరి చుట్టూ నింపాదిగా తిరిగింది. గెలిచాం! అనూహ్య ఏడుస్తూ రోబోను ఎత్తుకుంది.

రఘుపతి గారు ఒక్క ఉదుటున వేదికెక్కి మైకు అందుకున్నారు. "విశ్రాంతి! మా బడి రహస్యం అదే. మొదట్నుంచీ మేం విశ్రాంతికే పెద్దపీట వేశాం!"

జనంలోంచి అనూహ్య తల్లి భాగ్యశ్రీ లేచింది. "సార్, మోటర్లకు విశ్రాంతి ఇచ్చిండ్రు, మంచిగుంది. మా పిల్లకు ఆదివారం సుత క్లాసులే. పొద్దున పోతే చీకటికొస్తది. మరి దానికెప్పుడిస్తరు?"

రఘుపతి గారు నా వైపు తిరిగి గొణిగారు: "మోటరు కాలితే మనం కొనాలె. పిల్లలైతే వాళ్లే ఫీజు కట్టి తెచ్చి చేర్పిస్తరు. రెంటికీ పోలికేందయ్యా?"

మైకు ఆయన చేతిలోనే ఉంది. పనిచేస్తూనే ఉంది. హాలంతా విన్నది.

ఆ ఆదివారం బడికి ఒక్క పిల్లా రాలేదు, ఒక్క పిల్లవాడూ రాలేదు. గంట కొట్టించి, ఖాళీ బెంచీల ముందు సుద్దముక్కతో నిలబడ్డాను. రఘుపతి గారు వరండాలో అటూ ఇటూ తిరిగారు. తల్లిదండ్రులకు ఫోన్లు చేశారు. ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు వెలువడింది:

'విద్యార్థుల ఆరోగ్యంపై యాజమాన్యానికి మొదట్నుంచీ ఉన్న శ్రద్ధ దృష్ట్యా ఇకపై ఆదివారం సెలవు. ఉపాధ్యాయులు మాత్రం యథావిధిగా హాజరు కావలెను.'