టైరుగుంట ఊదాజీవి

మంజీరా జలపానంతో పుష్టిపొంది, నిజాంసాగర్ కాలువలను కంఠహారాలుగా ధరించి, వరినారుమళ్ల హరితకాంతులతో నలుదిక్కులనూ వెలిగించే బాన్సువాడ సీమలో, రెండువేల మూడో సంవత్సరం జూలై నెలలో, మేఘరాజు మూడు రోజులు ఎడతెగకుండా కురిసి నాలుగోనాడు అలసి ఊపిరి పీల్చుకుంటున్న ఒక బుధవారం ఉదయం, ఎనిమిదీ నలభై నిమిషాలకు, బిచ్కుంద పోయే రోడ్డు పక్కన, తొలివానకు ఒక ఇసుక లారీ దిగబడి, గింజుకొని, నలుగురి తిట్లు తిని, చివరికి లేచి వెళ్లిపోగా మిగిలిన టైరుగుంటలో ఒక మహాయుద్ధం జరిగింది. అందులో ఏనుగులు లేవు. గుర్రాలు లేవు. బర్రె మాత్రం ఒకటి ఉంది. వినేవాళ్లు కొంచెం దగ్గరికి జరగాలి, ఎందుకంటే శత్రువు పొడవు ముప్పాతిక అంగుళం.

యుద్ధానికి కారణం ఒక జీపు. సూక్ష్మజలజీవసామ్రాజ్ఞి, భూతద్దాయుధధారిణి అయిన డాక్టర్ కనకరత్నం గారు జూన్ చివర్లో పట్నం నుంచి ఆ జీపులో వచ్చి, కాలువ పక్కనున్న హైస్కూలుకు పది చిన్న గాజుసీసాలు, ఒక డబ్బా స్పిరిటు, ఒక నియమాల కాగితం ఇచ్చి వెళ్లారు. పొలాల్లో, గుంటల్లో, కాలువ అంచుల్లో ఈదే చిన్న జీవులను పట్టి స్పిరిటులో వేయాలి, ఎక్కడ దొరికిందో ఒక చీటీ మీద రాసి ఆ చీటీని సీసాలోనే వేయాలి, నెల తర్వాత ఆమె మళ్లీ వచ్చి చూస్తారు. ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని జీవి గనక దొరికితే, దానికి కొత్తగా పేరు పెట్టి పుస్తకంలో అచ్చు వేస్తారు. దొరికిన ఊరి పేరు, పట్టినవాళ్ల పేరు కూడా ఆ అచ్చులో ఉంటాయి.

తొమ్మిదో తరగతిలోని నలభై ఒక్క మందీ ఈ మాట విన్నారు. నలభై మంది మధ్యాహ్నానికి మరిచిపోయారు. మిగిలిన ఆ ఒక్కతే ఈ గాథకు నాయిక. మౌనవ్రతధురంధర, చివరిబెంచీసింహాసనాధిష్ఠిత, అధోముఖవీక్షణవిశారద, పేరు ప్రేమల. నాలుగేళ్లుగా ఆ బడిలో ఆమె నోటి నుంచి వెలువడిన సమస్త వాఙ్మయం ‘ప్రెజెంట్ సార్’ అనే రెండు మాటలు. ఆ రెండు మాటలు కూడా మొదటి బెంచీ దాకా చేరక, ఎదురుగా కూర్చొని ఉండగానే ఆమెకు ఆ ఏడాది పదకొండు సార్లు గైర్హాజరు పడింది. పడినప్పుడల్లా, ఉన్నాను సార్ అని చెప్పడానికి లేవబోయి, మళ్లీ కూర్చునేది. అలాంటి మనిషికి, తను నోరు విప్పకుండానే తన పేరు ఒక పుస్తకంలో ఉంటుందనే ఊహ ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు. పుస్తకం తన తరఫున హాజరు పలుకుతుంది. ఎవరు ఎప్పుడు తెరిచినా పలుకుతుంది.

ఇక యుద్ధం. ఆ బుధవారం టైరుగుంట ఒడ్డున గొంతుకూర్చొని, ఎడమచేత టిఫిన్ మూత డాలుగా, కుడిచేత చాయ వడపోసే జాలి ఖడ్గంగా ధరించి, ప్రేమల బురదనీటిలోకి చూస్తోంది. రథసారథి షాగుఫ్తా సైకిలు పట్టుకొని రోడ్డు మీద నిలబడింది. ఇద్దరి తరఫునా మాట్లాడే బాధ్యత ఒకటో తరగతి నుంచీ షాగుఫ్తాదే.

“ఏందే, చాయ జాలి ఎత్కొచ్చినవ్. మీ అమ్మ చూస్తే నిన్నే వడపోస్తది,” అంది షాగుఫ్తా.

నాయిక సమాధానంగా వేలు చూపింది. నీటిలో ఒక గాజుపోగు కదిలింది. పొట్ట ఆకాశానికి, వీపు పాతాళానికి పెట్టి, వెల్లకిలా పడుకునే ఈదే ఆ విచిత్రవీరుడు, అసంఖ్యాకములని తోచే కాళ్లను తెడ్లవలె అలలు అలలుగా ఆడిస్తూ, ఇహలోకంతో తనకు పనేమీ లేనట్టు సాగిపోతున్నాడు. ప్రేమల జాలి విసిరింది. బురద వచ్చింది. మళ్లీ విసిరింది. ఒక కప్పపిల్ల వచ్చి, అవమానభారంతో గెంతి వెళ్లిపోయింది. అంతలో మహిషసైన్యం ప్రవేశించింది. అంటే, దారిన పోతున్న ఒక బర్రె దాహమై గుంటలో మూతి పెట్టింది. ఒక్క గుక్కకు నీళ్లు జానెడు తగ్గాయి. మరో గుక్కకు ఒక వంశం అంతరించిపోయే ప్రమాదం ఏర్పడింది. షాగుఫ్తా సైకిలు బెల్లు మోగించింది, బతిమాలింది, చివరికి తన చున్నీ ఊపింది. బర్రె ఆమెను నిదానంగా పరిశీలించి, ఈ పిల్లతో ఎందుకులే అనుకున్నట్టు పక్కకు తిరిగింది. ఆ అరక్షణంలో మూడో వేటు పడింది. శత్రువు టిఫిన్ మూతలో బందీ అయ్యాడు.

మూత స్టీలుది. తెలంగాణలో ఏ ఇంటి గిన్నె మీదనైనా ఉన్నట్టే దాని మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు ఉంది: భూమవ్వ. ప్రేమల అవ్వ పేరు అది. ప్రేమల పుస్తకం తీసి, బొమ్మ గీసి, బొమ్మ కింద ఇలా రాసుకుంది: ‘కాళ్లు పదకొండు జతలు. వెల్లకిలా ఈదుతుంది. రంగు లేదు. మూత మీది భూ అక్షరం దీని ఒంట్లోంచి కనిపిస్తుంది.’ ఈ రాత పెన్సిలుతో రాసింది. ఆ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అది నేరం.

ఆ నేరాన్ని నిర్వచించినవారు శ్వేతవస్త్రధరులు, నిబంధనావళీకంఠస్థులు, ముద్రాధికారచక్రవర్తి, హెడ్మాస్టర్ జగన్మోహనరావు గారు. అయిదో తరగతి దాటినవాళ్లు బొమ్మలకూ లెక్కల గీతలకూ తప్ప పెన్సిల్ ముట్టరాదని ఆయన శాసనం. జీవిని సీసాలో వేసి, చీటీ మీద ఏం రాయాలో అడగడానికి షాగుఫ్తా ప్రేమలను వెంటబెట్టుకొని ఆఫీసు గదికి పోయింది. ఆయన డాక్టరమ్మ ఇచ్చిన నియమాల కాగితం కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకొని చదివారు. చీటీని పెన్సిలుతో రాయండి అన్న వాక్యం దగ్గర ఆగారు. కుర్చీలోంచి లేచారు.

“పెన్సిలా? పెన్సిల్ రాత చెరిగిపోయే రాతమ్మా. చెరిగిపోయే మాటను ఏ ఆఫీసూ నమ్మదు. సిరా ఉన్నచోట బాధ్యత ఉంటుంది, ముద్ర ఉన్నచోట గౌరవం ఉంటుంది. ఒకటో తరగతి పిల్లల్లాగా పెన్సిల్ ముక్కతో గీకి పంపిస్తే, పట్నంవాళ్లు మన బడిని చూసి నవ్వుకోరూ?”

ఇలా గర్జించి, ఆయన స్వహస్తాలతో సిరాపెన్నుతో చీటీ రాసి, ఊదారంగు స్టాంపుప్యాడు మూత తీసి, బడి పేరున్న గుండ్రటి రబ్బరు స్టాంపును చీటీ ముందు ఒకసారి, వెనక ఒకసారి, ముందుది సరిగా పడలేదని ఇంకోసారి కొట్టి, సీసాలో జారవిడిచారు. పెన్సిలుతోనే రాయమన్నారు కదా సార్ అన్న మాట ప్రేమల గొంతు దాకా వచ్చి, అక్కడ ముందే ఆగిపోయిన మాటల జనసమ్మర్దం చూసి, వెనక్కి వెళ్లిపోయింది.

మరునాటికి సీసాలోని స్పిరిటు నేరేడుపండు రంగుకు తిరిగింది. ప్రేమల రోజూ సీసా పెట్టిన బీరువా అద్దంలోంచి చూసేది. గాజుపోగు మొదట లేత ఊదా అయింది, తర్వాత వంకాయ అయింది. చీటీ మీది అక్షరాలు పలచబడి, మాయమైపోయాయి. రోడ్డు మీద మొరం పోయించి టైరుగుంటను పూడ్చేశారు. ఇంకొకదాన్ని పట్టే దారి కూడా పోయింది.

డాక్టరమ్మ వచ్చే రోజు ఉదయం హెడ్మాస్టరు గారు సీసాలు తుడవడానికి బీరువా తెరిచారు. స్పిరిటు పాడైపోయిందనుకొని ఒలకబోసి, డబ్బాలోంచి తెల్లటిది పోసి, తెల్లబోయిన చీటీని పారేసి, కొత్త చీటీ రాసి ఈసారి సీసా బయట అంటించారు. లోపలి జీవిని ఆయన అప్పుడే మొదటిసారి తేరిపార చూశారు. అది పుట్టుకతోనే అంత అందగత్తె అనుకున్నారు.

పదకొండు గంటలకు జీపు వచ్చింది. తొమ్మిదో తరగతి గది సభామండపమైంది. డాక్టర్ కనకరత్నం గారు మిగతా తరగతులవాళ్లు నింపిన సీసాలతో మొదలుపెట్టి ఒక్కొక్కటే ఎత్తి చూస్తూ, ఇది దోమపిల్ల, ఇది నీటిపేను, ఇది నత్తపిల్ల అని పక్కన పెడుతూ ఎనిమిదో సీసా దగ్గర ఆగిపోయారు. భూతద్దం పెట్టారు. కాళ్లు లెక్కబెట్టారు. మళ్లీ లెక్కబెట్టారు. ఆమె మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది.

“ఇరవై రెండేళ్లుగా వానగుంటలు వెతుకుతున్నానండీ. ఊదారంగు కాళ్లున్నదాన్ని నేను ఎక్కడా చూడలేదు.”

ఆ మాటతో హెడ్మాస్టరు గారి ఎదురురొమ్ము రెండంగుళాలు విశాలమైంది. ఆయన అరటిపళ్లకు మనిషిని పంపారు. టైరుగుంట స్థానంలో బాణం గుర్తుతో ఒక బోర్డు వేయిస్తానన్నారు. జీవికి పేరు పెట్టే విషయంలో తనకు ఏ స్వార్థమూ లేదనీ, అయితే జగన్మోహన అనే మాటలో సహజంగానే ఒక శాస్త్రీయమైన గాంభీర్యం ఉన్నదనీ మనవి చేశారు. డాక్టరమ్మ ఇవేవీ వినడం లేదు. కలం తీసి, “పట్టిందెవరు?” అని అడిగారు. షాగుఫ్తా చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంటూ, “ప్రే... మ... ల,” అని పైకి పలికారు.

తన పేరు అంత నెమ్మదిగా, అంత జాగ్రత్తగా ఒకరు పలకగా ప్రేమల అదివరకు వినలేదు.

అప్పుడు ఆమె లోపల జరిగిన యుద్ధం ముందు టైరుగుంట యుద్ధం పిల్లలాట. ఒక పక్క అచ్చుపుస్తకం, అందులో చెరగని తన పేరు, రాబోయే బోర్డు, దాని బాణం గుర్తు, అప్పటికే గేటు దాటి వస్తున్న అరటిపళ్లు, నాలుగేళ్లలో ఎన్నడూ ఇంత సంతోషంగా కనిపించని హెడ్మాస్టరు గారి ముఖం, ఇవన్నీ చతురంగబలాలై బారులు తీరి నిలబడగా, రెండో పక్క, చినిగిన అట్ట ఉన్న నోటుపుస్తకంలో, పెన్సిలుతో రాసిన రెండే మాటలు, ‘రంగు లేదు’ అన్నవి, ఆయుధాలు లేకుండా, సేనాపతి లేకుండా, ఒంటరిగా నిలబడి ఉన్నాయి. ఊరుకుంటే చాలు. ఊరుకోవడంలో ఆమెను మించినవారు జిల్లాలో లేరు.

చివరి బెంచీ కిర్రుమంది. ప్రేమల లేచి నిలబడింది. సముద్రాలు పొంగలేదు, దిక్కులు దద్దరిల్లలేదు. ఆమె చేసిన మహోపన్యాసం పూర్తి పాఠం ఇది:

“అది గట్ల లేకుండె మేడం.”

గది మొత్తం వెనక్కి తిరిగింది. ఏంటమ్మా అన్నారు హెడ్మాస్టరు గారు. ప్రేమల బెంచీ అంచు పట్టుకుంది.

“రంగు లేకుండె. మా టిఫిన్ మూత మీద అవ్వ పేరుంటది. దాంట్లకెల్లి ‘భూ’ కనపడ్డది.”

“మరి ఈ రంగు ఎక్కడిది?” అని డాక్టరమ్మ అడిగారు.

ప్రేమల హెడ్మాస్టరు గారి వైపు చూడలేదు. చూస్తే కూర్చుండిపోతుందని ఆమెకు తెలుసు. “స్టాంపుది,” అంది.

“మూడు కొట్టిన్రు మేడం,” అని సారథి వెంటనే సాయానికి దూకింది. “ఇంకొకటి కొడితే నల్లగైతుండె.”

డాక్టరమ్మ నోటుపుస్తకం తెప్పించుకొని చదివారు. చిన్న గాజుగిన్నెలో కొత్త స్పిరిటు పోసి జీవిని అందులో పెట్టారు. కాసేపటికి దాని కాళ్ల మధ్య నుంచి ఒక సన్నటి ఊదా దారం లేచి, స్పిరిటులో పొగలాగా విడిపోయింది. కొత్త జాతి ఒకటి అందరి కళ్లముందే కరిగిపోయింది. మిగిలినదానికి ఎప్పుడో పేరు పెట్టేశారనీ, చాలాచోట్ల వానగుంటల్లో అది దొరుకుతుందనీ ఆమె చెప్పారు. అరటిపళ్లు వచ్చాయి. ఎవరూ ముట్టలేదు.

“ఇది అచ్చయిపోయి ఉంటే, జీవితాంతం నేను తలెత్తుకోలేకపోయేదాన్ని,” అన్నారు డాక్టరమ్మ ప్రేమలతో. తర్వాత ఒక చిన్న దళసరి కాగితం ముక్క తీసి, “నువ్వే రాయి. పెన్సిల్ ఉందా?” అని అడిగారు.

శాసనభయం వల్ల నలభై మంది చేతులూ జేబుల వైపు పోలేదు. ప్రేమల తన కంపాసు పెట్టె అడుగు నుంచి అంగుళమున్నర పెన్సిల్ ముక్క తీసింది. దాని ములికి విరిగి ఉంది. అప్పుడు జగన్మోహనరావు గారు బల్ల సొరుగు లాగి, కాగితంలో చుట్టిన సగం బ్లేడు తీసి, చేయి చాచారు. ప్రేమల పెన్సిల్ ఆ చేతిలో పెట్టింది. ఆయన కిటికీ దగ్గరికి పోయి, అటు తిరిగి నిలబడి, చాలాసేపు, సన్నగా, సూదిలాగా దాన్ని చెక్కి తెచ్చి ఇచ్చారు.

చీటీ మీద ఆమె ఇలా రాసింది: బిచ్కుంద రోడ్డు, టైరుగుంట. రంగు లేదు. పట్టింది ప్రేమల. ఆ చీటీ స్పిరిటులో మునిగింది. అక్షరం కదల్లేదు.

మరునాడు హెడ్మాస్టరు గారు హాజరుపట్టీ తెరిచి, నలభై ఒకటో పేరు పిలిచి, గైర్హాజరు గుర్తు పెట్టడానికి అలవాటుగా పెన్ను వంచారు. వంచిన పెన్ను ఆగింది. దుందుభులు మోగించండి, తోరణాలు కట్టించండి, ఈ సంగతి రుద్రూర్ దాకా, నస్రుల్లాబాద్ దాకా చాటించండి. చివరి బెంచీ నుంచి బయలుదేరిన ‘ప్రెజెంట్ సార్’ అనే మాట బెంచీలన్నీ దాటుకుంటూ వచ్చి, మొదటి బెంచీలో ఉన్న షాగుఫ్తాకు కూడా వినపడింది.