పరాంకుశం గారి మూసివేత

మేనేజరు పరాంకుశం గారు మూసుకుపోయి చాలాసేపయింది. కుర్చీ ఉంది, కళ్లద్దాలున్నాయి, టీ చల్లారిపోయింది. ఆయన మాత్రం లేరు.

విశాఖలోని ఆ సంస్థ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. అందులోని బటన్లన్నీ వాటంతటవే నొక్కి పరీక్షించేలా ఇంజనీరు సుభాషిణి ఒక స్క్రిప్టు రాసింది. పేరునుబట్టి విండోను వెతికి, అంకెలు నింపి, సరే నొక్కి, మూసేయడం దాని పని. సాఫ్ట్‌వేర్‌కు మేనేజరు తన పేరే పెట్టుకున్నారు కాబట్టి స్క్రిప్టులో 'పరాంకుశం' అని ఉండేది. తన పేరు ఎక్కడ రాసినా 'గారు' చేర్చాలని ఉదయం ఆదేశం వచ్చింది. సుభాషిణి చేర్చింది. గారు అనిపించుకునే పరాంకుశం ఆఫీసులో ఒక్కరే. స్క్రిప్టు ఆయన్ని వెతికి పట్టుకుని, అంకెలు నింపి, సరే నొక్కి, మూసేసింది.

విచారణ డిప్యూటీ మేనేజరు గంగునాయుడి మీద పడింది. సాయంత్రంలోగా దోషి తేలకపోతే స్క్రిప్టు రాసినవాళ్ల ఉద్యోగం పోతుంది.

"ఏటమ్మా, మనిషిని మూసేసే ముందు ఓపాలి అడగొద్దా అది?"

"అడిగింది సార్. మార్పులు భద్రపరచాలా అని. పరీక్షే కదా, వద్దని రాసిపెట్టాను."

"మళ్లీ తెరిస్తే వస్తారా?"

"వస్తారు. చివరిసారి భద్రపరిచినప్పుడు ఎలా ఉన్నారో అలా వస్తారు."

అది ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఫోన్‌చేసి ఇంట్లో అడిగితే, పెళ్లికి ముందుదైనా ఫర్వాలేదంది ఆయన భార్య.

"సరే. గారు చేర్చమన్నదెవరు?"

"పైనుంచి వచ్చింది సార్," అన్నారు అందరూ ఒక్కసారే.

గంగునాయుడు తలెత్తి చూశాడు. పైన ఫ్యాను తిరుగుతోంది.

"ఫ్యాను మీద కేసు రాయమంటారేటి?"

గంగునాయుడు నివేదికలో దోషి అన్నచోట సుభాషిణి పేరు టైపు చేయడం మొదలుపెట్టాడు.

"ఆఖరిసారి అడుగుతున్నానమ్మా. నీకు ఉజ్జోగం కావాలా, మర్యాద కావాలా?"

సుభాషిణి ఖాళీ కుర్చీవైపు చూసింది.

"పరాంకుశం," అంది.

ఆమె అబద్ధం చెప్పిందని ఎవరూ అనలేదు. అంత మాట అనేసిందేమిటని మాత్రం మొహాలు చూసుకున్నారు. గంగునాయుడు ఆమె పేరు చెరిపేసి, కొత్త పేరు కొట్టి, పక్కన పడాల్సిన మాట పడేలా చూసి, గొంతు సవరించుకుని పైకి చదివాడు.

"దోషి, శ్రీ పరాంకుశం గారు."

అందరూ లేచి నిలబడ్డారు.