ఫోన్ వింటోంది, మెల్లగా మాట్లాడు

కంప్యూటర్ల గురించీ, ఫోన్ల గురించీ జనంలో ఉన్న అపోహలను తొలగించాలని ఈ మధ్య చాలామంది కంకణం కట్టుకున్నారు. పేపర్లలో రాస్తున్నారు, వీడియోలు పెడుతున్నారు. వాళ్ళకు నాదొక మనవి. దయచేసి తొలగించకండి. మా బందరులో కొన్ని కాపురాలు ఆ అపోహల మీదే నడుస్తున్నాయి.

నవ్వకండి. ఆధారాలున్నాయి.

మా పక్కింటి హమీదా గారి ఫోన్ బట్టలు నానబెట్టిన బకెట్లో పడింది. తడిసిన ఫోన్ బియ్యంలో పెడితే బాగవుతుందని లోకమంతా నమ్ముతుంది కదా? ఆవిడా పెట్టారు. తన ఇంట్లో బియ్యం డబ్బా ఎక్కడుంటుందో అంతవరకూ తెలియని వాళ్ళాయన అల్లాబక్షు గారు, అస్తమానం వంటింట్లోకి వచ్చి అందులో చెయ్యి పెట్టి చూడటం మొదలుపెట్టారు. ఆ చూడటంలో చేతికి పురుగులు తగిలాయి. డాబా మీద బియ్యం ఎండబోసిందీ ఆయనే, జల్లించిందీ ఆయనే. ఫోన్ బతకలేదు. బియ్యం మాత్రం బ్రహ్మాండంగా బాగుపడ్డాయి. దీన్ని నష్టమంటారా?

మా వీధి చివర కంప్యూటర్ సెంటర్ ఉంది. చెప్పులతో లోపలికి వెళ్తే కంప్యూటర్లకు వైరస్ వస్తుందని అక్కడ అందరి నమ్మకం. వైరస్ చెప్పుల్లో రాదని ఎవరైనా చెప్పారనుకోండి, ఏమవుతుంది? వానాకాలంలో మా వీధి బురదంతా ఆ గదిలోకి వస్తుంది. ఊళ్ళో శుభ్రంగా ఉన్న గది అదొక్కటే. దాన్ని కూడా పాడుచేసుకుందామా!

ఇక మా ఆయన, కృపానందం గారు. ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమున్నన్నాళ్ళూ బందరు బస్టాండ్ మైకులో "గుడివాడ వెళ్ళు బస్సు సిద్ధముగా ఉన్నది" అని చెప్పిన మనిషి. చెప్పడం బాగా అలవాటు. మైకు ఎదురు మాట్లాడదు కాబట్టి వినే అవసరం ఎప్పుడూ రాలేదు.

తెరిచిన యాప్‌లు అలాగే వదిలేస్తే బ్యాటరీ తినేస్తాయని ఆయన నమ్మకం. తిన్న కంచం ఏనాడూ తియ్యని మనిషి, పొద్దస్తమానం యాప్‌లు మాత్రం వేలితో ఒక్కొక్కటే తోసి శుభ్రం చేస్తుంటారు. పరిశుభ్రత ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా.

ఒక ఆదివారం చర్చి అయ్యాక ఆయన స్నేహితుడు మార్కు గారు ఒక సంగతి చెప్పారు.

"ఫోన్ మన మాటలన్నీ వింటుందండీ. మొన్న మా ఆవిడ మిక్సీ పాడైందంది. సాయంత్రానికల్లా నా ఫోన్ నిండా మిక్సీలే."

ఆ రోజు నుంచి మా ఇంటికి క్రమశిక్షణ వచ్చింది. సొంత విషయాలు మాట్లాడాల్సి వస్తే మా ఆయన ఫోన్‌ను బోర్లా పెట్టి, పైన తువ్వాలు కప్పుతారు. మా ఆడపడుచు గురించి నేనూ, మా తమ్ముడి గురించి ఆయనా అనుకునే మాటలు సగానికి సగం తగ్గాయి. ఎన్ని ప్రసంగాలు విన్నా రాని మార్పు ఒక్క అపోహతో వచ్చింది. ఇంతకంటే ఏం కావాలి?

ఇబ్బంది ఒకచోటే వచ్చింది. నాకు కుడి మోకాలు నొప్పి.

"ఏమండీ, లేస్తుంటే మోకాలు పట్టేస్తోంది" అంటే ఇదివరకు "ఊఁ" అనేవారు. ఇప్పుడు "మెల్లగా మాట్లాడు, ఫోన్ వింటోంది" అంటున్నారు. నిజం చెప్పాలంటే ఇది కొంత నయం. ఒక్క అక్షరం ఉన్నచోట నాలుగు మాటలు దొరికాయి.

ఒకరోజు డాబా మీద బట్టలు తీసుకుని దిగుతుంటే మోకాలు మడత పడింది. రెయిలింగ్ పట్టుకోబట్టి బతికాను. బట్టలతో సహా మెట్టు మీద కూలబడ్డాను. ఆ చప్పుడుకు కింద హాల్లోంచి మా ఆయన కంగారుగా అడిగారు.

"ఏంటది, ఫోనేమన్నా పడిందా?"

"లేదండీ. నేనే."

"హమ్మయ్య" అన్నారు.

ఆయన చెడ్డవారు కాదు. ఆ హమ్మయ్యలో ఏ దురుద్దేశమూ లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. కానీ ఆ మెట్టు మీదనుంచి లేవడానికి నాకు చాలాసేపు పట్టింది. మోకాలు ఒక్కటే దానికి కారణం కాదు.

ఆ వారమే గుడివాడ నుంచి మా అక్క కూతురు షీబా వచ్చింది. కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. తువ్వాలు కప్పుకుని పడుకున్న ఫోన్‌ను చూసి, మిక్సీ కథంతా నా చేత చెప్పించుకుని, వంటింట్లో నా దగ్గర పడీ పడీ నవ్వింది.

"పిన్నీ, ఫోన్ చెవులు రిక్కించుకుని కూర్చోదు. మనం ఏం వెతికామో, ఏం చూశామో గుర్తుపెట్టుకుంటుంది. మార్కు గారు ఆ మిక్సీ రేటు ఎంతో ఫోన్లో వెతికే ఉంటారు. ఆ సంగతి మర్చిపోయారంతే. బాబాయికి చెప్తానుండు."

"చెప్పావంటే ఊరుకోను" అన్నాను.

మర్నాడు మా ఆయన స్నానానికి వెళ్ళగానే తువ్వాలు తీసి, ఆయన ఫోన్లో వెతికాను. "మోకాలి నొప్పికి మందు." "మచిలీపట్నంలో ఎముకల డాక్టరు." "మెట్లు దిగుతుంటే మోకాలు పట్టేస్తే ఏం చేయాలి?" వచ్చినవన్నీ వరసగా నొక్కి చూశాను. చివర్లో యాప్‌లు కూడా తోసి శుభ్రం చేసి పెట్టాను. ఆయన స్నానం పొడుగుదే.

మంగళవారం పొద్దున్న కాఫీ తాగుతూ మా ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"సుమలతా, ఇదేంటి? ఎక్కడ చూసినా మోకాళ్ళ నూనెలు, మోకాళ్ళ పట్టీలు వస్తున్నాయి. మనింట్లో ఎవరికో మోకాలు నొప్పంటోంది ఫోన్."

"మనింట్లో ఉండేది ఇద్దరమే కదండీ."

ఆయన లేచి నిలబడి తన మోకాళ్ళు రెండూ ఒంచి చూసుకున్నారు. బాగానే ఉన్నాయి. అప్పుడు నా వంక తిరిగారు.

"నీకా?"

గురువారానికల్లా నన్ను డాక్టరు దగ్గర కూర్చోబెట్టారు. డాక్టరమ్మ మోకాలు నొక్కి చూస్తూ "ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన జవాబిచ్చారు.

"మంగళవారం నుంచండీ."

ఆవిడ ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశారు. "మంగళవారం నుంచి ఇంత అరగదండీ" అన్నారు. కొన్నాళ్ళు మెట్లెక్కొద్దన్నారు. మందులూ, ఎక్సర్‌సైజులూ రాసిచ్చారు.

బయటికొచ్చాక ఆయన మందుల షాపు ముందు మెల్లగా అడిగారు.

"నిజంగా ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్పానండీ."

ఆయన మందులు కొని, ఆటో పిలిచారు. ఎక్కేటప్పుడు నా మోచెయ్యి పట్టుకున్నారు. కాస్త దూరం వెళ్ళాక జేబులోంచి ఫోన్ తీసి, దాని వంక ఎంతో కృతజ్ఞతగా చూశారు. "ఇదే లేకపోతే నాకు తెలిసేదే కాదు" అన్నారు.

చూశారా పాఠకులారా! అదే మీ విజ్ఞానవంతులొచ్చి ఫోన్ వినదు, అది మీ భ్రమ అని ఆయనకు ముందే చెప్పి ఉంటే నా గతేమిటి? ఇంట్లో ఎవరూ వినడం లేదన్న నిజం బయటపడి ఉండేది. ఆ నిజంతో ఎవరికి లాభం? డాబా మీద బట్టలు ఇప్పుడు ఆయనే ఆరేస్తున్నారు. క్లిప్పులు పెట్టడం ఇంకా రాలేదు. ఆయన చొక్కాలు రెండు హమీదా గారి పెరట్లోకి ఎగిరిపోయాయి.

నేను మాత్రం వెతకడం మానలేదు. చెప్పి చెప్పి వదిలేసిన సంగతులు ఇంకా ఉన్నాయి. నాతో చదువుకున్న జీవరత్నం దివిసీమలో, నాగాయలంకలో ఉంటుంది. నన్ను ఒకసారి దివిసీమ తీసుకెళ్ళండని ఎన్ని వేసవులు అడిగానో గుర్తులేదు. పోయిన వారమంతా అవనిగడ్డ బస్సులు, నాగాయలంకలో చూడదగ్గ చోట్లు వెతికి పెట్టాను.

నిన్న సాయంత్రం నేను వంటింట్లో పప్పు తాలింపు పెడుతున్నాను. మా ఆయన హాల్లో ఫోన్ చూస్తూ చూస్తూ ఆగారు.

"సుమలతా, దివిసీమ చూపిస్తోంది ఇందులో."

నేను గరిటె తిప్పుతూనే ఉన్నాను. ఫోన్ ఇంకా ఏం చెబుతుందో ఆయన్నే చూడనిద్దామనుకున్నాను.

కాసేపటికి ఆయన ఫోన్ బల్ల మీదే వదిలేసి వంటింటి గుమ్మం దాకా వచ్చారు.

"నీకు వెళ్ళాలనుందా?"

"ఉందండీ" అన్నాను. తాలింపు చిటపటల్లో అన్న మాట, పైగా మెల్లగా అన్నాను. వినపడిందాయనకు.