పట్టపగలు లైట్లు

ఆదివారం పొద్దున్నే మ్యాచింగ్ బాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. మావగారు వాకింగ్ నుంచి తిరిగొచ్చేలోగా అత్తగారి కారులో పాత రేడియో పీకి కొత్త స్టీరియో బిగించాలి. పదింటికి అత్తగారు చెల్లెలి ఊరి నుంచి రైలు దిగుతారు. ఇంటికొచ్చే దారిలో స్టీరియో పాడాలి, ఆవిడ మురిసిపోవాలి, అది చూసి మావగారు ఒక్కసారైనా "శభాష్" అనాలి.

ఆ శభాష్ కోసం అతను తొమ్మిదో తరగతి నుంచి కాచుకుని ఉన్నాడు. మావగారు మావగారు కాకముందు అతని లెక్కల మాష్టారు. పిల్లనిచ్చారు గానీ చూపు మార్చలేదు. ఆయన దగ్గితే ఇప్పటికీ ఇతను ఎక్కడ కూర్చున్నా లేచి నిలబడతాడు. పైగా ఆయనకు నియమాలెక్కువ. విరిగిన కళ్ళజోడుకీ, ఊడిన బక్కెట్టు పిడికీ నల్ల టేపు చుట్టి, "పారేయడం సోమరితనం" అంటారు. రెండేళ్ళుగా ఇంకో నియమం కూడా పెట్టారు. ఆ కారు పట్టపగలైనా లైట్లు వేసే నడపాలి. ఎదుటివాడికి కనబడటం క్రమశిక్షణట. అత్తగారు కూడా మారు మాట్లాడలేదు. ఆవిడ మామూలుగానే మాట్లాడరు, ఊరికే చూస్తారు.

"మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళొచ్చుగా?" అంది భార్య టార్చి పట్టుకుని.

"ఎందుకూ? మ్యాచింగ్ లైనింగు గుడ్డల కొట్టువాణ్ణి. ఒక్క ఎరుపులోనే ఇరవై ఎరుపులు విడదీసి చెబుతాను. ఎరుపుకి ఎరుపూ, పసుపుకి పసుపూ కలపడం కూడా రాదా నాకు?"

"నాన్న చూస్తే?"

"ఆ మాటొక్కటీ అనకు తల్లీ. రంగులు తారుమారవుతాయి."

రేడియో బయటికి లాగితే వెనక తీగలన్నీ నల్ల టేపులో మందంగా చుట్టి ఉన్నాయి. కంపెనీవాడు ఎంత శ్రద్ధగా చుట్టాడో అని మెచ్చుకుంటూ టేపంతా ఊడదీశాడు. కొట్టు కత్తెరతో తీగల్ని టకటకా కత్తిరించాడు. రంగుకి రంగు చూసి మెలిపెట్టాడు. తాళం తిప్పితే స్టీరియో ఉలకలేదు, పలకలేదు.

మళ్ళీ తిప్పాడు. మీటలన్నీ నొక్కాడు. మోచెయ్యి లైట్ల మీటకు తగిలింది. వెంటనే స్టీరియో గొంతు సవరించుకుని పాట మొదలెట్టింది. లైట్లు ఆర్పితే పాట ఆగింది. వేస్తే అందుకుంది.

"ఇదేం చోద్యమే?"

"చీకటంటే భయమేమో, మీలాగే."

"వేళాకోళానికి వేళా పాళా ఉండాలి. ఆగు, నల్ల తీగ ఒకటి మిగిలిపోయింది. తిరకాసంతా అదే."

నలుపుకి నలుపు కలిపాడు. అంతే, కారు హారన్ గుక్కపట్టి ఏడవడం మొదలెట్టింది. తాళం తీసేసినా ఆగలేదు. స్టీరింగు మీద గుద్దినా ఆగలేదు. డాష్‌బోర్డు కింద దూరి తీగల్లోకి చెయ్యి పెడితే ఇందాక కలిపిన నలుపు ఏదో తెలియలేదు, ఇంకేదో తీగ తెగి లోపలికి జారిపోయింది. ఇరవై ఎరుపులు విడదీసే కళ్ళకు ఇప్పుడు అన్నీ నల్లగానే కనిపిస్తున్నాయి.

మేడ మీద అద్దెకుండే ఆవిడ కిటికీలోంచి చూసింది. ఆవిడకు కారు తలుపులోంచి బయటికి తన్నుకుంటున్న రెండు కాళ్ళు మాత్రమే కనిపించాయి. భార్య "మా ఆయనేనండీ!" అని అరిచింది గానీ, ఆ హారన్‌లో ఎవరికి వినిపిస్తుంది? మేడావిడ మాష్టారికి ఫోన్ చేసేసింది. "మీ ఇంట్లో దొంగ పడ్డాడు! మీ అమ్మాయి ఒక్కతే అడ్డుపడి అరుస్తోంది!"

మాష్టారు ఒక్కరే రాలేదు. వాకింగ్ బృందమంతా చేతికర్రలు ఎత్తుకుని పరుగున వచ్చింది. డాష్‌బోర్డు కింద నుంచి చూస్తున్న మ్యాచింగ్ బాబుకి వరసగా కాన్వాసు బూట్లు, వాటి పక్కన కర్రల చివర్లు కనబడ్డాయి.

"బయటికి రారా, వెధవా!"

ఆ గొంతు వినగానే లోపలే లేచి నిలబడబోయి తల ఠంగుమనిపించుకున్నాడు. తొమ్మిదో తరగతి జవాబు దానంతటదే బయటికొచ్చింది. "నేను కాదు మాష్టారూ!"

మాష్టారు అల్లుణ్ణి చూశారు. తర్వాత రేడియో ఉండాల్సిన చోట ఉన్న కన్నాన్ని చూశారు. కింద పడున్న టేపును చూశారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అయిపోయింది, ఈ గడప తొక్కడం ఇదే ఆఖరు అనుకున్నాడు మ్యాచింగ్ బాబు.

మాష్టారు వంగి, కన్నంలోకి చెయ్యి పోనిచ్చి, చూడకుండానే ఒక తీగ పట్టి లాగారు. హారన్ ఆగిపోయింది.

"మా అల్లుడే. ఏం లేదు, మీరు పదండి" అని బృందాన్ని గేటు దాటించి, తిరిగొచ్చి గొంతు తగ్గించారు. "లైట్లు వేస్తేనే పాడుతోందా?"

"మీకెలా తెలుసు మావయ్యగారూ?"

మాష్టారు కళ్ళజోడుకి చుట్టిన నల్ల టేపును తడుముకున్నారు. భార్య కింద పడ్డ టేపునూ, తండ్రి కళ్ళజోడునూ మార్చి మార్చి చూసింది.

"నాన్నా! పగలు లైట్ల నియమం... ఇందుకా?"

"రేడియో నేనే బాగుచేస్తానని మీ అమ్మతో పందెం కట్టానే. చేతికి ఏ తీగ అందితే దానికి కలిపాను. ఆవిడకు తెలిస్తే నా గతేంటి?" ఆయన అల్లుడి భుజం పట్టుకున్నారు. "ఒరే అబ్బాయ్, గంటలో రైలొస్తుంది. ఏదో ఒకటి చెయ్యరా!"

స్టీరియోని లైట్లకు కలిపిన తీగ ఇందాక తెగి లోపలికి జారిపోయింది గనక దొరకలేదు. ఇద్దరూ తలలు దూర్చి వెతగ్గా వెతగ్గా, ఒక ఆకుపచ్చ తీగకు తగిలిస్తే స్టీరియో పాడింది. కాకపోతే వైపర్లు ఆడుతున్నప్పుడే పాడింది. మ్యాచింగ్ బాబు అతుకు కనబడకుండా టేపు చుట్టాడు. మాష్టారు వేలితో తడిమి చూసి, "శభాష్" అన్నారు.

స్టేషన్ బయట ఎండ మండిపోతోంది. లైట్లు వెలుగుతూ, పొడి అద్దం మీద వైపర్లు కీచుమంటూ కారు వచ్చి ఆగింది. అత్తగారు ఊరికే చూశారు.

"వైపర్లు ఎండలో ఆడకపోతే బిగుసుకుపోతాయి. నియమం" అన్నారు మాష్టారు క్లాసు గొంతుతో.

"అవునండీ అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు వెనక సీట్లోంచి.

అత్తగారు మాష్టారిని పక్క సీట్లోకి జరిపి స్టీరింగు ముందు కూర్చున్నారు. కొత్త స్టీరియో వైపు చూశారు. వైపర్లు ఆపారు, పాట ఆగింది. వైపర్లు వేశారు, పాట వచ్చింది. లైట్లు ఆర్పేశారు. పాట సాగుతూనే ఉంది.

"హమ్మయ్య" అన్నారు ఆవిడ. "రెండేళ్ళకి లైట్ల బాధ తప్పింది."

మాష్టారు దగ్గారు. మ్యాచింగ్ బాబు లేచి నిలబడబోయి కారు పైకప్పుకి తల కొట్టుకున్నాడు.