చివరి రౌండు ఎంపిక

"హాకీ జట్టుకు కావలసింది ఆటగాడు కాదు. మనిషి. మనం ఎంచవలసింది కర్రసాము కాదు, గుణం!"

ఓరెస్ట్ బీలిక్ ఈ మాట అని బల్ల గుద్దాడు. బల్ల కెస్టర్‌విల్ ఊళ్లోని మంచు హాకీ రింక్ క్యాంటీన్‌లోది. గుద్దుకు మూడు కప్పుల్లోని కాఫీ తొణికింది. క్యాంటీన్ నడిపే డార్లా గుడ్డ తెచ్చి తుడిచి వెళ్లింది. ఆమె ప్రతి ఉదయం తుడుస్తుంది. గుణం గురించిన చర్చ ప్రతి ఉదయం జరుగుతుంది కనుక.

ఏటా మే నెలలో లీగులోని జట్లన్నీ కూర్చుని, దేశం నలుమూలలా ఉన్న పదహారేళ్ల కుర్రాళ్లను వరసగా ఏరుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. మొదటి రౌండులో మేలు సరుకు, చివరి రౌండులో తాలు. మా కెస్టర్‌విల్ బ్యాడ్జర్స్ జట్టు తరఫున ఏరవలసినవాడు మేనేజరు కర్టిస్. కానీ ఎవర్ని ఏరాలో నిర్ణయించే బరువు మాత్రం ఓరెస్ట్ భుజాల మీదే ఉందని ఓరెస్ట్ గాఢ విశ్వాసం. ముప్పై ఏళ్లు ధాన్యం గిడ్డంగిలో గోధుమలకు గ్రేడులు నిర్ణయించి రిటైరైన మనిషి. గుప్పెడు గింజలు చూసి బండెడు సరుకు మాట చెప్పగలిగినవాడు, కుర్రాళ్ల మాట చెప్పలేడా?

ఆయనకు కుడివైపు గార్నెట్ ఫ్రీసన్, రిటైరైన హెడ్‌మాస్టరు. ఎడమవైపు లియో బుషార్, ట్రాక్టర్ల వ్యాపారి. ముగ్గురూ కలిస్తే అభిమానుల సంఘం. సంఘానికి అధ్యక్షుడు ఓరెస్ట్. ఎన్నిక ఎప్పుడు జరిగిందో ఎవరికీ గుర్తులేదు.

"ఈసారి నా ఓటు స్టాడ్నిక్‌కే," అన్నాడు ఓరెస్ట్. "మానిటోబా రైతుబిడ్డ. ఆరడుగుల మూడంగుళాలు."

"ఆట చూశావా?" అన్నాడు గార్నెట్.

"ఆట చూడక్కర్లేదు. పోయిన నెల హైవే మీద పెట్రోలు బంకు దగ్గర చూశాను. ఓ ముసలావిడ వస్తుంటే తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆవిడ నడిచొచ్చిందాకా అట్లాగే నిలబడ్డాడు, పాపం. చలిగాలి లోపలికి కొడుతున్నా వదల్లేదు."

మిగతా ఇద్దరూ భక్తిగా తలలూపారు. అంతటి గుణం ముందు మాటలు పనికిరావు.

"వాళ్లమ్మ?" అన్నాడు లియో గంభీరంగా.

ఇది సంఘంవారి శాస్త్రం. కుర్రాడు ఇంకా ఎంత పెరుగుతాడో తేలాలంటే గ్యాలరీలో కూర్చున్న తల్లిని చూడాలి. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ వీళ్లు మంచు వైపు చూడరు. వెనక్కి తిరిగి తల్లులను కొలుస్తారు. పోయిన టోర్నమెంటులో ఒకావిడ పోలీసులను పిలుస్తానంది కూడా.

"వాళ్లమ్మ కారులోంచి దిగలేదు. కానీ సీటు బాగా వెనక్కి జరిపి ఉంది," అన్నాడు ఓరెస్ట్.

"అయితే ఫరవాలేదు. మన ఊరి రైలన్ లాగా మాత్రం కాకూడదు," అన్నాడు లియో.

ముగ్గురూ నవ్వారు. రైలన్ డార్లా కొడుకు. ఊరి కుర్రాళ్ల జట్టులో ఆడతాడు. చలికాలమంతా ఈ బల్ల దగ్గర మాటల్లో నలిగినవాడు వాడే.

"మొదటి మూడు అడుగుల్లో వేగం లేదు," అన్నాడు ఓరెస్ట్. "రింక్ గోడ దగ్గర బెదురుతాడు. డ్రెస్సింగ్ రూములో ఎలా ఉంటాడో తెలీదు, నోరు విప్పడు. ఇంక పెరగడు కూడా. అదుగో, తల్లి." వేలెత్తి చూపించాడు. తల్లి కాఫీ కెటిల్ పట్టుకుని రెండడుగుల దూరంలోనే ఉంది. "బాధపడకు డార్లా. ఇది విశ్లేషణ."

"నాకెందుకు బాధ?" అంది డార్లా, కప్పు నింపుతూ. "క్రీమ్ వెయ్యనా? అన్నట్టు జూలైలో నేను రెజైనా వెళ్లిపోతున్నానండీ. అక్కడ వృద్ధాశ్రమంలో ఉద్యోగం వచ్చింది."

"మంచిది, మంచిది. కాఫీ ఇంకాస్త వేడిగా ఉండాలమ్మా," అన్నాడు ఓరెస్ట్.

ఆమె ఈ రెజైనా మాట అంతకు ముందు వారమూ చెప్పింది. ఆ ముందు వారమూ చెప్పింది. కాఫీ విషయం మాత్రం ఎప్పటికప్పుడు పరిష్కారమవుతూనే ఉంది.

డ్రాఫ్ట్‌కు పది రోజులుందనగా మేనేజరు కర్టిస్ స్వయంగా బల్ల దగ్గరికి వచ్చాడు. పొద్దున్నే ఒకసారి, రాత్రి భోజనాల వేళ ఒకసారి ఓరెస్ట్ ఫోన్లు అందుకుని అందుకుని కళ్లు గుంటలు పడిన మనిషి.

"మీ సలహాలకు చాలా విలువిస్తున్నాం ఓరెస్ట్ గారూ. అందుకే ఈసారి చివరి రౌండు ఎంపిక అభిమానుల సంఘానికే వదిలేస్తున్నాం. మీరు ఏ పేరు చెబితే ఆ పేరే చదువుతా."

గార్నెట్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. లియో టోపీ తీశాడు. ఓరెస్ట్ అధ్యక్షుడు కనుక కన్నీళ్లు ఆపుకున్నాడు.

"ఒక్క చిన్న షరతు," అన్నాడు కర్టిస్. "పైఊరి పిల్లలకు ఊళ్లోవాళ్లే ఇల్లివ్వాలని మీకు తెలుసు. ఆర్నెల్లు తిండి పెట్టాలి, బట్టలుతకాలి, బడి దగ్గర దింపాలి. ఈ ఏడాది ఇళ్లు దొరకడం లేదు. మీరు ఎంచిన కుర్రాడికి మీరే ఇల్లు చూడాలి."

"ఇంతేనా?" అన్నాడు ఓరెస్ట్. "ఇది బ్యాడ్జర్స్ ఊరు కర్టిస్. ఇక్కడ ప్రతి గుమ్మమూ ఆటగాడికి పుట్టిల్లు."

కర్టిస్ వెళ్లిపోయాక ఆ మూడు గుమ్మాలూ మొహమొహాలు చూసుకున్నాయి.

"గార్నెట్, మీ ఇంట్లో నాలుగు పడగ్గదులు గదా," అన్నాడు ఓరెస్ట్ తేనె పూసినట్టు.

"ఉన్నాయి. కానీ మా ఆవిడకి హాకీ సంచి వాసన పడదోయ్. ఒళ్లంతా దద్దుర్లు. డాక్టరే చెప్పాడు. లియోది కొత్త ఇల్లు."

"కొత్తదే. అతిథుల గదిలో కుట్టుమిషను పెట్టాం. దాన్ని కదిపితే కుట్టు తప్పుతుందంట," అన్నాడు లియో. "ఓరెస్ట్, మీ బేస్‌మెంటు ఖాళీయే గదరా."

ఓరెస్ట్ బేస్‌మెంటులో ఒక పెద్ద టీవీ, దాని ఎదురుగా వెనక్కి వాలే తోలుకుర్చీ ఉన్నాయి. ఆ కుర్చీలో కూర్చునే ఆయన దేశంలోని కోచ్‌లందరినీ ఏళ్ల తరబడి ఉద్యోగాల్లోంచి తీసేస్తూ వచ్చాడు. అక్కడ మరొకరికి మంచం వెయ్యడం అంటే ఆయనకు సింహాసనం పోయినట్టే.

"ఖాళీయే. కానీ చెమ్మరా. ఎదిగే పిల్లాడికి ఊపిరితిత్తులు..." అని కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "అసలు ఆ స్టాడ్నిక్ సంగతి నేను మళ్లీ ఆలోచించాను. ముసలావిడ వస్తుంటే అంతసేపు తలుపు పట్టుకుని నిలబడ్డమేంటి? ఏ వయసు పిల్లాడు చేస్తాడు ఆ పని?"

"నాకూ అనుమానంగానే ఉంది," అన్నాడు గార్నెట్. "స్కూల్లో చూసేవాణ్ణి. అతి మర్యాద చేసేవాడే కిటికీ పగలగొట్టేవాడు."

"ఆరడుగుల మూడంగుళాలంటే చేతులెలా ఉంటాయి? ఫ్రిజ్ తలుపు ఊడి చేతికొస్తుంది," అన్నాడు లియో. "తినేదెంతో."

అలా పది నిమిషాల్లో మానిటోబా రైతుబిడ్డ గుణహీనుడని ఏకగ్రీవంగా తేలిపోయింది. తర్వాతి మూడు రోజుల్లో ఆల్బెర్టా కవలలు బద్ధకస్తులయ్యారు. బ్రిటిష్ కొలంబియా గోల్‌కీపరు శాకాహారి అని కబురొచ్చింది, వాడికి విడిగా వండాలి కనుక వాడూ అహంభావి అయ్యాడు. దేశంలో గుణం ఇంత అడుగంటిపోయిందా అని ఓరెస్ట్ నిజంగానే దిగులుపడ్డాడు.

నాలుగో రోజు కాఫీ పోస్తున్న డార్లా వైపు చూస్తూ చూస్తూ ఆయన ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు.

"రైలన్!" అన్నాడు.

ముగ్గురికీ ఒకేసారి జ్ఞానోదయమైంది. ఊళ్లోనే ఇల్లుంది. ఆ ఇంట్లోనే తల్లి ఉంది. తిండి తల్లే పెడుతుంది, బట్టలు తల్లే ఉతుకుతుంది, బడి నడిచి వెళ్లే దూరమే.

"మొదటి మూడు అడుగులదేముందిలే, నాలుగో అడుగు బ్రహ్మాండం," అన్నాడు లియో.

"మితభాషి. బుద్ధిమంతుడు," అన్నాడు గార్నెట్.

"కుర్రాడిలో గుణం ఉందిరా. నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను," అన్నాడు ఓరెస్ట్.

డ్రాఫ్ట్ రోజున చివరి రౌండులో కర్టిస్ ఆ పేరే చదివాడు. చదివేముందు అతని పెదవుల మీద ఒక చిన్న నవ్వు కదిలింది గానీ అది అలసట అనుకున్నారందరూ. ఊరి వారపత్రిక అధ్యక్షుడి ఫొటో వేసింది. కింద ఆయన మాటలు. "మేము ఆటగాణ్ణి కాదు, మనిషిని ఎంచుకున్నాం. రైలన్ నాకు సొంత మనవడితో సమానం. మా ఇంటి తలుపు వాడికి ఎప్పుడూ తెరిచే ఉంటుంది."

మర్నాడు డార్లా ఆ కాగితం కత్తిరించి కాఫీ మిషనుకు అతికించింది. మూడు కప్పులూ నింపింది. తర్వాత, ఈ ఏడాదిలో మొదటిసారి, కెటిల్ కింద పెట్టి కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది.

"చాలా సంతోషమండీ. మావాడు రాత్రంతా నిద్రపోలేదు. నేను జూలైలో రెజైనా వెళ్లిపోతున్నాను గదా, మీకు చాలాసార్లు చెప్పాను. ఇల్లు ఖాళీ చేసేస్తున్నాం. వాడితోపాటు నేనూ దిగులుపడ్డా, జట్టులోకొస్తే ఎక్కడుంటాడూ అని. పేపరు చూశాక ధైర్యం వచ్చింది."

లియో చక్కెర వెయ్యని కాఫీని చెంచాతో కలపసాగాడు.

"మీ ముగ్గురిళ్లూ చూస్తాం," అంది డార్లా లేస్తూ. "తల్లి చూసి సరే అనాలి గదా, అది మన పద్ధతే. ఎవరూ కుదరకపోతే వాణ్ణి జట్టులోంచి తీసేస్తామన్నాడు కర్టిస్. వాడికి ఇదొక్కటే దారి ఓరెస్ట్ గారూ."

ఆ చివరి మాట ఆమె హాస్యానికి అనలేదు. ఓరెస్ట్‌కు సిగ్గు వేసింది. అంతకంటే ఎక్కువ తోలుకుర్చీ గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి భార్య మార్లిస్‌తో అన్నాడు: "వాళ్లొచ్చినప్పుడు కింద కాస్త చెమ్మ వాసన వచ్చేట్టు ఏదైనా చెయ్యి. తడి గోనెసంచి లాంటిది."

"నువ్వు దిగితే చాలు," అంది మార్లిస్. అప్పటికే ఆమె కింద మంచం వేసి కొత్త దుప్పటి పరిచింది.

శనివారం ఉదయం లియో ఫోను చేశాడు. గొంతు సంతోషంతో పొంగిపోతోంది. "డార్లావాళ్లు ఇప్పుడే వెళ్లారురా. మా ఇల్లు బాగా నచ్చినట్టే ఉంది. కుట్టుమిషను గ్యారేజీలో పడేశాం. ఊరంతా అడుగుతున్నారు, ఎవరి ఇల్లు ఎంచుకుంటారూ అని. గార్నెట్ వాళ్లావిడకి దద్దుర్లు తగ్గిపోయాయట. రాత్రికి రాత్రే!"

ఓరెస్ట్ ఫోను పెట్టేశాడు. అధ్యక్షుడి ఇల్లు వదిలేసి లియో ఇల్లా? ట్రాక్టర్లు అమ్ముకునేవాడి ఇల్లా? ఊళ్లో తలెత్తుకు తిరగడం ఎలా? గబగబా వెళ్లి గడ్డం గీసుకున్నాడు. పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా వేసుకున్నాడు. తోలుకుర్చీని తానే ఒక మూలకు తోసి, టీవీ ఎదురుగా మంచం జరిపాడు.

డార్లా, రైలన్ మధ్యాహ్నం వచ్చారు. కుర్రాడు ఏమీ మాట్లాడలేదు. బూట్లు విప్పి మెట్లు దిగాడు. కిటికీ తెరిచి చూశాడు, మూశాడు. మంచం మీద అరచేత్తో ఒకసారి నొక్కాడు. డార్లా గది చూడటం లేదు. మెట్లు దిగుతున్న ఓరెస్ట్‌ను చూస్తోంది.

"మొదటి మూడు అడుగుల్లో వేగం లేదు," అంది.

"మోకాళ్లు," అన్నాడు ఓరెస్ట్ కంగారుగా. "సాయంత్రానికి సర్దుకుంటాయి."

"గోడ పట్టుకుంటున్నారు."

"అలవాటు. బెదురు కాదు."

"వయసు చూస్తే ఇంక మారే రకం కాదు," అని కొడుకు వైపు తిరిగింది. తర్వాత ఓరెస్ట్‌తో మెల్లగా అంది: "బాధపడకండి. ఇది విశ్లేషణ."

అప్పుడు రైలన్ మొదటిసారి నోరు విప్పాడు. అడిగింది మార్లిస్‌ను. "ఈయన రూములో ఎలా ఉంటారండీ?"

మార్లిస్ చాలాసేపు ఆలోచించింది. అంతసేపు ఎందుకు ఆలోచించవలసి వచ్చిందో ఓరెస్ట్‌కు అర్థం కాలేదు. తన పెళ్లిలో కూడా ఆయనకు ఇంత చెమట పట్టలేదు.

"పెద్ద నోరు బాబూ," అంది చివరికి. "ఓడిపోయిన రోజున టీవీని తిడతాడు. తను చెప్పిందే చెబుతాడు. కానీ మంచు పడిన రోజున నాకన్నా ముందు లేచి, మంచు ఎత్తిపోసి గుమ్మం ముందు దారి చేస్తాడు. మాదే కాదు, పక్కింటి ముసలావిడది కూడా. ఎవరికీ చెప్పడు. అదొక్కటే చెప్పడు."

తల్లీ కొడుకులు ఇల్లు వేడిచేసే బాయిలరు పక్కకు వెళ్లి గుసగుసలాడుకున్నారు. ఓరెస్ట్ చొక్కా బొత్తాం తిప్పుకుంటూ నిలబడ్డాడు. పదహారేళ్ల కుర్రాళ్లు ఇలాగే నిలబడతారు గామోసు అని ఒక్క క్షణం తోచింది. అది ఎందుకో ఇబ్బందిగా అనిపించి వెంటనే ఆ ఆలోచన మానేశాడు.

డార్లా తిరిగొచ్చింది.

"మార్లిస్ గారూ, మిమ్మల్ని మొదటి రౌండులోనే అనుకున్నాం. వంటిల్లు, ఈ గది రెండో రౌండు." ఓరెస్ట్ వైపు చూసింది. "ఇక వీరు. వేరే ఎవరూ మిగలకపోతే తీసుకునే రకం. సరే, చివరి రౌండులో తీసుకుంటున్నాం."

ఓరెస్ట్ ఊపిరి వదిలాడు. కుర్రాడి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. తోలుకుర్చీ వాడు వాడుకోవచ్చన్నాడు. నోరు జారిన సంగతి తర్వాత తెలిసింది.

సోమవారం ఉదయం క్యాంటీన్‌లో ఆయన లియో, గార్నెట్‌ల మధ్య కుర్చీలో వాలి కూర్చున్నాడు. వాళ్లిద్దరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి.

"నన్నే ఎంచుకున్నారు," అన్నాడు.

"ఏ రౌండులో?" అన్నాడు లియో. ఊళ్లో కబుర్లు తొందరగా పాకుతాయి.

డార్లా కెటిల్ పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఓరెస్ట్ ఆమె వైపు చూడకుండా కప్పు ముందుకు జరిపాడు.

"రౌండుదేముందిరా," అన్నాడు. "వాళ్లు చూసింది గుణం."